పాతాళంలోనూ ఓట్ల బేరమే!

రాజుగారు జంతిక గొంతుకు అడ్డుపడి పోయారు. యువరాజు రెండేళ్లు ఒళ్లు తెలియకుండా పడుకుని అప్పుడే లేచాడు. ఆవులింత పూర్తయ్యేలోపే సింహాసనం మీద కన్నేసినవాళ్లు కోట గుమ్మం దాకా వచ్చేశారు. సభలో బిల్లు నెగ్గాలంటే సభ్యులకు కానుకలు ముట్టజెప్పాలి. అయినా వినకపోతే అక్కడికక్కడే దేహశుద్ధి చేయాలి. ఇది ‘డిస్గాయా’ అనే వీడియో గేమ్ కథ. 2003లో జపాన్‌లో పుట్టి, ఇప్పటికీ కొత్త భాగాలతో నడుస్తున్న ఈ నవ్వుల వ్యూహక్రీడ బలమెంత? ఎక్కడ చతికిలబడింది? పసుపు సీమ ముప్కాల్‌లో కూర్చుని చూస్తే అందులో మనకు కనిపించేదేమిటి?

ఓటుతో ఎత్తు వేసిన నేల

ఆర్మూర్ దాటి నిర్మల్ దారి పట్టి, 44వ నంబరు జాతీయ రహదారి మీద బాల్కొండ దాటితే ముప్కాల్. ఆ పక్కనే శ్రీరాంసాగర్ జలాశయం. ఇక్కడ జూన్‌లో నేలలో పడిన పసుపు కొమ్ము తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఎండబోసి, పాలిష్ పట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరేసరికి వేసవి ముంచుకొస్తుంది. అన్ని నెలల కష్టానికి వెల కట్టేది మాత్రం ఒక్క పూటలోనే.

ఆ వెల కోసమే ఈ ప్రాంత రైతులు 2019లో దేశమంతా ఇటు తిరిగి చూసేలా ఒక ఎత్తు వేశారు. పసుపుకు, ఎర్రజొన్నకు మద్దతు ధర కావాలంటూ నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి కుప్పలుగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 185 మంది మిగిలారు, వాళ్లలో 178 మంది రైతులే. ఏప్రిల్ 11న పోలింగ్ కేంద్రాల్లో ఒక్కోచోట 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. గొడవ లేదు, రాళ్లు రువ్వింది లేదు. రూల్ పుస్తకంలో ఉన్నదాన్నే పట్టుకుని, ఆ రూల్ ఎంత బరువు మోయగలదో ఎన్నికల యంత్రాంగానికే చూపించారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా మొదలవడానికి ముందు నడిచిన పొడవైన కథలో అదో మలుపు.

ఇలా రూల్‌తోనే ఆడుకునే తెలివి ఉన్న ఊళ్లలో ఇవాళ పిల్లల చేతిలో ఫోనుంది. అందులో తుపాకులు పేల్చే ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ ఉన్నాయి. పాచిక ఎలా పడితే అలా నడిచే లూడో ఉంది. కుదురుగా కూర్చుని, ఎత్తు ఆలోచించి, వేసిన ఎత్తుకు మనమే పగలబడి నవ్వుకునే ఆట మాత్రం అరుదు. ఆ ఖాళీలో కూర్చోదగ్గ ఆటల్లో మొదటి వరసలో చెప్పుకోవాల్సింది డిస్గాయా.

యమగోల చూసిన కళ్లకు

వీడియో గేముల్లో వ్యూహం, పాత్రపోషణ కలిసిన ఒక జాతి ఉంది. గళ్ల పలక మీద బంట్లను నడపడం చదరంగంలా ఉంటుంది. అయితే ఈ బంట్లకు పేర్లుంటాయి, పగలుంటాయి, ఒక్కో యుద్ధంతో బలం పెరుగుతుంటుంది. 1990లో మొదలైన ‘ఫైర్ ఎంబ్లమ్’, 1997లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్’ ఈ జాతికి పెద్ద దిక్కులు. రెండింటిదీ గంభీరమైన గొంతే. రాజ్యాలు కూలిపోతుంటాయి, మిత్రులు ద్రోహం చేస్తుంటారు, ఆడేవాడి ముఖం ముడుచుకుపోతుంది.

జపాన్‌లోని గిఫు ప్రాంతానికి చెందిన నిప్పాన్ ఇచి సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ ఈ గాంభీర్యాన్ని తలకిందులు చేసింది. 2003 జనవరి 30న ప్లేస్టేషన్ 2 మీద డిస్గాయా మొదటి భాగాన్ని విడుదల చేసింది. అదే ఏడాది ఆగస్టులో అట్లస్ సంస్థ దాన్ని ఇంగ్లిష్‌లో అమెరికాకు తీసుకెళ్లింది. కథ సోహే నీకావాది, బొమ్మలు తకెహితో హరదావి, సంగీతం తెన్‌పే సతోది.

కథాస్థలం పాతాళం. నాయకుడు లహార్ల్ వయసు 1313 ఏళ్లు, బుద్ధి మాత్రం పదమూడేళ్ల మొండిపిల్లాడిది. తండ్రి క్రిచెవ్‌స్కోయ్ చనిపోయాడని ఆలస్యంగా తెలిసినా కన్నీటి చుక్క రాల్చడు. దుర్మార్గుడిగా తన పరువేం కావాలన్నదే అతని దిగులు. ఎట్నా పేరుకే సేవకురాలు, అదను దొరికితే యజమాని పీక నొక్కే రకం. రాజును చంపమని దేవలోకం పంపిన, ఇంకా శిక్షణలోనే ఉన్న దేవత ఫ్లాన్ తీరా వచ్చి చూస్తే చంపాల్సినవాడు ఎప్పుడో పోయాడు. ఇక చేసేదేం లేక, రాక్షసుల్లోనూ ప్రేమ ఉంటుందని నిరూపిస్తానంటూ అక్కడే తిష్ట వేస్తుంది. తనను తాను మహా సుందరాంగుడిగా పరిచయం చేసుకుంటూ ఒక విలన్ దిగుతాడు. లహార్ల్ అతని పేరు కూడా సరిగా వినకుండా ‘మధ్యలో వచ్చే విలన్’ అని ముద్ర వేస్తాడు. ఆట పూర్తయ్యేదాకా పాపం అతనికి అదే పేరు.

ఇదంతా తెలుగువాళ్లకు పరాయిగా అనిపించదు. 1960లో ‘దేవాంతకుడు’లో ఎస్వీ రంగారావు యముడిగా కొలువుతీరినప్పటి నుంచి నరకం మనకు నవ్వుల వేదికే. 1977లో ‘యమగోల’లో ఎన్టీఆర్ యమలోకంలో సమ్మె చేయించి యమభటుల చేత నినాదాలు ఇప్పించారు. ‘యముడికి మొగుడు’, ‘యమలీల’, ‘యమదొంగ’ అదే బాటలో నడిచాయి. కైకాల సత్యనారాయణ గద, కిరీటం చూసి భయపడిన పిల్లలు తక్కువ, పడీపడీ నవ్విన పిల్లలే ఎక్కువ. చావు తర్వాత కూడా ఆఫీసు, ఫైలు, పై అధికారి, లంచం తప్పవన్న ఎగతాళి మన సినిమాకు తెలుసు. డిస్గాయా రచయితకూ తెలుసు.

రూలే జోకు

చాలా ఆటల్లో హాస్యం విరామంలో వస్తుంది. యుద్ధం ఆగుతుంది, రెండు పాత్రలు జోకులు వేసుకుంటాయి, మళ్లీ యుద్ధం మామూలుగా మొదలవుతుంది. 2017లో యూబీసాఫ్ట్ తెచ్చిన ‘మారియో + ర్యాబిడ్స్ కింగ్‌డమ్ బ్యాటిల్’ మంచి వ్యూహక్రీడే. కుందేళ్ల కోతిచేష్టలకు నవ్వు కూడా వస్తుంది. కానీ ఆ చేష్టలన్నీ తీసేసినా అందులోని యుద్ధం పెద్దగా మారదు.

డిస్గాయా గొప్పతనం ఇక్కడే వేరుగా కనిపిస్తుంది. ఇందులో నవ్వు రూల్‌లోనే ఉంది. ఉదాహరణకు ‘డార్క్ అసెంబ్లీ’ అనే పాతాళ శాసనసభనే తీసుకోండి. అంగట్లోకి ఖరీదైన సరుకు రావాలా? యుద్ధంలో అనుభవం మూడింతలు దక్కాలా? శత్రువులు ఇంకా బలంగా కావాలా? ఏది కావాలన్నా సభలో బిల్లు పెట్టాలి. బిల్లు పెట్టడానికి యుద్ధాల్లో సంపాదించిన ‘మానా’ ఖర్చవుతుంది. సభలో రకరకాల భూతాలు కూర్చుని ఉంటాయి. ఒక్కోదానికీ మన మీద ఒక్కో అభిప్రాయం. కొందరికి మనమంటే ప్రాణం, కొందరికి కడుపుమంట. ఓటింగుకు ముందు సంచిలోంచి వస్తువులు తీసి ఒక్కొక్కరికీ లంచం ఇవ్వవచ్చు. ఎవరికి ఏది ఇస్తే మనసు కరుగుతుందో కనిపెట్టడం ఆటలో భాగం.

లంచం తిని కూడా వ్యతిరేకంగా ఓటేసే సభ్యుడుంటాడు. బిల్లు ఓడిపోయిందా? అప్పుడు తెర మీద ఇంకో దారి తెరుచుకుంటుంది: బలప్రయోగం. కాదన్న సభ్యులందరితో సభలోనే యుద్ధం చేసి గెలిస్తే బిల్లు ఆమోదం పొందినట్టే. అయితే మనకంటే వందల స్థాయులు పైన ఉన్న ముసలి భూతం కూడా వాళ్లలో ఉండొచ్చు. అప్పుడు దేహశుద్ధి జరిగేది మనకే.

అవినీతి మీద ఉపన్యాసం ఒక్కటీ ఉండదు. మనచేత లంచం ఇప్పిస్తుంది, మనచేతే సభ్యుణ్ని కొట్టిస్తుంది. గెలిచాక నవ్వు ఆపుకోలేం. ఆ వెంటనే ఈ పని ఎంత సులువుగా చేసేశామో గుర్తొచ్చి కొంచెం సిగ్గేస్తుంది. సర్పంచ్ ఎన్నికల నుంచి పార్లమెంటు దాకా ఓటు బేరాలు చూసిన పాఠకుడికి ఈ జోకు లోతు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎత్తి విసిరితే సగం గెలుపు

యుద్ధరంగంలోనూ ఇదే సూత్రం. ఒకేసారి పదిమంది దాకా దిగవచ్చు. పక్కనున్న మిత్రుణ్ని తలపైకి ఎత్తి దూరంగా విసరవచ్చు. విసిరినవాడు ఇంకొకణ్ని ఎత్తి విసరవచ్చు. అలా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఎగురుతూ కాళ్లు లేని వీరుడు కూడా పలక ఆ చివరికి చేరతాడు. శత్రువును ఎత్తి ఇంకో శత్రువు మీద పడేస్తే ఇద్దరూ కలిసి ఒక్కడై, స్థాయి పెరిగి ఎదురుతిరుగుతాడు. ఇద్దరితో తలపడే బాధ తప్పించుకోవాలా, బలిసిన ఒక్కణ్ని కొట్టి ఎక్కువ లాభం పొందాలా? ఆశ, భయం మధ్య ఆ లెక్క నడుస్తుంది.

పలక మీద రంగురంగుల గళ్లుంటాయి. వాటిపై ‘జియో సింబల్’ అనే రాళ్లు ఉంటాయి. ఎర్ర గడి మీద ‘దాడి బలం పెంచు’ అనే రాయి ఉంటే పలక మీదున్న ఎర్ర గళ్లన్నింటికీ ఆ గుణం పడుతుంది. ‘ఎవరికీ దెబ్బ తగలదు’, ‘ఎవర్నీ ఎత్తకూడదు’ లాంటి గుణాలూ ఉంటాయి. రాయిని పగలగొడితే దాని కింది రంగు గళ్లన్నీ ఆ రాయి రంగుకు మారతాయి, వాటి మీద నిలబడ్డవాళ్లకు దెబ్బ తగులుతుంది. మారిన గళ్ల మీద ఇంకో రాయి ఉంటే అదీ పేలుతుంది. ఒక్క రాయితో మొదలై పలకంతా టపాకాయల సరంలా పేలిపోవడం చూస్తే కడుపు నిండుతుంది. ఏ రాయిని ఎక్కడికి విసిరి, దేన్ని ముందు పగలగొట్టాలో లెక్క కట్టడం వ్యూహక్రీడల్లో దొరికే మంచి మెదడుమేతల్లో ఒకటి.

ఒక సౌలభ్యాన్నీ మెచ్చుకోవాలి. బంటును నడిపాక, దాడి చేసేముందు అడుగు వెనక్కి తీసుకోవచ్చు. దెబ్బల క్రమాన్ని మనమే పేర్చుకుని ఒక్కసారిగా అమలు చేయవచ్చు. చేయి జారిందని మొత్తం ఆట పోదు. ప్రయోగాలు చేయడానికి ఇంత చోటిచ్చిన వ్యూహక్రీడలు ఆ రోజుల్లో తక్కువ.

ఇక ‘ఐటెమ్ వరల్డ్’. ఇందులో ప్రతి వస్తువులోనూ ఒక లోకం దాగి ఉంటుంది. కత్తిలో ఉంది, చెప్పుల్లో ఉంది, నోట్లో వేసుకునే బబుల్‌గమ్‌లోనూ ఉంది. లోపలికి దిగి అంతస్తులు దాటుకుంటూ పోతే బయటున్న వస్తువు బలం పెరుగుతుంది. మామూలు వస్తువులో 30 అంతస్తులు, అత్యంత అపురూపమైన దాంట్లో 100. ప్రతి పదో అంతస్తులో ఒక కాపలాదారు. అక్కడి పలకలను కంప్యూటర్ అప్పటికప్పుడు పేర్చుతుంది కాబట్టి ఒకసారి చూసింది మళ్లీ రాదు.

చేప కూలికి పెంగ్విన్లు

ఈ ఆట గుర్తుగా ప్రపంచమంతా పోల్చుకునేది నాయకుణ్ని కాదు, ప్రిన్నీని. బతికినప్పుడు పాపం చేసినవాళ్ల ఆత్మలను పెంగ్విన్ బొమ్మల్లో కుట్టేసి పాతాళానికి పంపుతారు. అక్కడ వాళ్లు రాత్రింబవళ్లు చాకిరీ చేసి, పాపం కరిగేంత సొమ్ము కూడబెట్టుకుంటే తప్ప మళ్లీ జన్మ రాదు. కూలి నామమాత్రం, తిట్లు మాత్రం ఫుల్లు. ప్రతి మాట చివరా ఒకటే ఊతపదం. పైగా వాళ్లను ఎత్తి విసిరితే ఢామ్మని పేలిపోతారు. యుద్ధంలో అదొక ఆయుధం కూడా. యజమాని విసిరితే కూలీ పేలాలి, అదీ రూలు.

2008లో ప్రిన్నీలకు సొంతంగా ఒక ఆట వచ్చింది. ఎట్నాకు తినాలనిపించిన మిఠాయి తేవడానికి వెయ్యిమంది ప్రిన్నీలు బయలుదేరతారు. ఒకడు చస్తే వెనకే ఇంకొకడు. వెయ్యి అంకె తగ్గుతూ ఉంటుంది, అమ్మగారి ఆకలి మాత్రం తగ్గదు. ఇంటికొకరు చొప్పున దుబాయ్‌కో మస్కట్‌కో వెళ్లి, ఏజెంటు అప్పు తీరితే తప్ప తిరిగి రాలేని పరిస్థితి తెలిసిన ఊళ్లలో ఈ హాస్యానికి నవ్వుతోపాటు చురుకూ తగులుతుంది. మొదటి ఆటలో ఎర్ర చంద్రుడు పొడిచే ఒక ఘట్టంలో రచయిత ఈ జోకునే తిరగేసి, అంతదాకా నవ్విన మనచేత గొంతు సవరించుకునేలా చేస్తాడు. ఆ ఘట్టం గురించి ఇంతకన్నా చెబితే ఆడబోయేవాళ్లకు అన్యాయం.

ఎక్కడ తేలిపోయింది?

ఇంత మెచ్చుకున్నాక లోపాలను దాచడం పాఠకుడిని మోసం చేయడమే అవుతుంది. మొదటిది, అన్నిటికన్నా పెద్దది చాకిరీ. డిస్గాయాలో ఒక పాత్ర 9999వ స్థాయి దాకా ఎదగవచ్చు. ఎదిగాక మళ్లీ ఒకటో స్థాయి నుంచి పుట్టి, పాత జన్మ బలాన్ని కొంత వెంటతెచ్చుకోవచ్చు. చెప్పుకోవడానికి ఘనంగానే ఉంటుంది. ఆచరణలో ఒకే పలక మీద ఒకే శత్రువుల గుంపును ఒకే దెబ్బతో గంటలకొద్దీ నేలకూల్చడమే. అక్కడ రాళ్ల లెక్కలుండవు, విసురుళ్లుండవు, మాటకారితనం అసలే ఉండదు. అంతదాకా రూలే జోకుగా నడిచిన ఆటలో రూలు ఒట్టి కూలిపనిగా మారిపోతుంది. ప్రిన్నీల చాకిరీ చూసి నవ్వినవాణ్ని చివరికి ఆట తానే ప్రిన్నీని చేస్తుంది. రచయిత దీన్ని కావాలని రాసి ఉంటే గొప్ప వ్యంగ్యమే. కానీ ఆ గంటలు గడిపినవాడికి ఆ సంగతి ఓదార్పు కాదు.

రెండోది, అనుభవం పంచే తీరు. శత్రువుకు చివరి దెబ్బ ఎవరు వేస్తే వాళ్లకే అనుభవం దక్కుతుంది. గాయాలు మాన్పే వైద్యురాలు యుద్ధమంతా పరుగులు తీసినా ఆమె ఖాతాలో ఏమీ పడదు. దాంతో కొట్టేవాడు కొండంత అవుతాడు, కాపాడేది వెనకబడిపోతుంది. కాస్త ముందుకెళ్లాక ఒకే వీరుణ్ని బాగా పెంచి అతని చేత అందర్నీ కొట్టించడం సులువైన దారి అవుతుంది. పదిమంది జట్టుతో ఆడాల్సిన వ్యూహం అక్కడితో ఒక్కడి బలప్రదర్శనగా తేలిపోతుంది.

మూడోది, చెప్పని షరతు. కథకు ఒకటికి మించి ముగింపులున్నాయి. మంచి ముగింపు కావాలంటే ఆట మొత్తంలో ఒక్క మిత్రుణ్నీ మన చేత్తో చంపకూడదు. ప్రేమ గురించిన కథకు ఇది చక్కగా అతికిన షరతు. కానీ ఆట ఎక్కడా దీన్ని విప్పి చెప్పదు. విశాలంగా పడే మంత్రం అంచున సొంతవాడు ఉన్న సంగతి గమనించకపోయినా లెక్క తప్పుతుంది. ఎన్నో గంటల తర్వాత, ఎప్పుడో మొదట్లో చేసిన పొరపాటుకు శిక్ష పడితే అందులో నీతి కన్నా విసుగే ఎక్కువ.

నాలుగోది, చూపు. పలకను పక్క కోణం నుంచి చూపిస్తారు. ఎత్తైన దిమ్మల వెనక నిలబడ్డ శత్రువు కనపడడు. కెమెరాను తిప్పితే ఏ బాణం గుర్తు ఎటు నడిపిస్తుందో తికమక. ఐటెమ్ వరల్డ్‌లో యంత్రం పేర్చిన కొన్ని పలకలు అందుకోలేని మూలన శత్రువును కూర్చోబెట్టి తమాషా చూస్తాయి.

ఐదోది, హాస్యంలోని అరుగుదల. ఆడవాళ్ల ఒంటి తీరు మీద వేసిన జోకులు ఇందులో కొన్నున్నాయి. ఎట్నా మీద, భూలోకం నుంచి వచ్చే జెన్నిఫర్ మీద వేసినవి ఆనాడే పలచన, ఈనాడు మరీ చౌక. జపాన్ టీవీ వీరుల మీద, పాత అమెరికన్ అంతరిక్ష సినిమాల మీద వేసిన పేరడీలు వాటి మూలం తెలియనివాళ్లకు సగమే అందుతాయి. వచ్చే అధ్యాయంలో ఏం జరగబోతోందో ఎట్నా చెప్పే అబద్ధపు ప్రకటనలు మాత్రం ఎవరికైనా నవ్వు తెప్పిస్తాయి. అందులో ఆమే నాయిక.

వారసుల దారి

తర్వాతి భాగాలు ఈ బలాన్నీ, ఈ జబ్బునూ రెండింటినీ వారసత్వంగా తీసుకున్నాయి. 2008లో వచ్చిన మూడో భాగం పాతాళంలోని పాఠశాల కథ. అక్కడ బడి ఎగ్గొట్టేవాడే ఉత్తమ విద్యార్థి. రోజూ వచ్చి హోంవర్క్ చేసే అమ్మాయే అందరూ వేలెత్తి చూపే రౌడీ. 2011లో వచ్చిన నాలుగో భాగం రాజకీయ వ్యంగ్యానికి ఈ వరసలోనే మకుటం. అందులో నాయకుడు వాల్వతొరెజ్ రక్తం తాగడం మానేసి చేపలు తినే రక్తపిశాచి. శిక్షణ పూర్తయితే తలా ఒక చేప ఇస్తానని ప్రిన్నీలకు మాటిస్తాడు. ఇచ్చేలోపే అవినీతి సర్కారు వాళ్లను ఎత్తుకుపోతుంది. ఒక్క చేప హామీ నిలబెట్టుకోవడానికి అతను ప్రభుత్వం మీదే తిరగబడతాడు. మేనిఫెస్టోలు చదివి చదివి అలసిన ఓటరుకు ఇంతకన్నా చల్లని కథ ఏం కావాలి?

2021లో వచ్చిన ఆరో భాగం దగ్గర జబ్బు ముదిరింది. గరిష్ఠ స్థాయిని 9999 నుంచి 9,99,99,999కి పెంచారు. అంత ఎత్తు ఎక్కడం మనిషి వల్ల కాదు కాబట్టి ఆట తనంతట తానే ఆడుకునే సదుపాయం పెట్టారు. యంత్రాన్ని దాని మానాన వదిలేసి నిద్రపోయి లేస్తే అంకెలు పెరిగి ఉంటాయి. ఆడక్కర్లేని ఆట తయారైంది, నవ్వించేందుకు ఎదురుగా మనిషే లేకుండా పోయాడు. 2023లో వచ్చిన ఏడో భాగంలో ఆ సదుపాయానికి పగ్గాలు వేసి, మళ్లీ మనిషి చేతికి పలకను అప్పగించారు. తప్పు ఎక్కడుందో తయారుచేసినవాళ్లకే తెలిసిందన్నమాట.

మనకు అందే పాఠం

ప్లేస్టేషన్ 2తో మన హైదరాబాద్‌కూ ఒక బంధం ఉంది. 2009లో ఆ యంత్రం మీద ‘హనుమాన్: బాయ్ వారియర్’ వచ్చింది. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్. హైదరాబాద్ సంస్థ గేమ్‌శాస్త్ర చేతిలో తయారైన ‘దేశీ అడ్డా’ అదే ఏడాది కబడ్డీ, గిల్లీ దండా లాంటి మన ఆటలను తెర మీదకు తెచ్చింది. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లో ప్రత్యేక విధానమే ప్రకటించింది. చేతివాటం ఉంది, యంత్రం ఉంది. రావాల్సింది మన వెటకారం తెలిసిన ఆట.

సరుకుకు కొదవలేదు. అరుగుల మీద సుద్దముక్కతో గీసి ఆడిన పులిజూదాన్నే తీసుకోండి. ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. బలం లేని గుంపు కలిసికట్టుగా కదిలితే బలవంతుడు కట్టుబడిపోతాడన్నది అందులోని సూత్రం. 178 మంది రైతుల నామినేషన్లలో కనిపించిందీ అదే సూత్రం. యమలోకం మన సినిమాలో సిద్ధంగా ఉంది. పంచాయతీ తీర్మానాలు, కోరం లేని సభలు, మార్కెట్ యార్డులో గోళకో ధర, కొమ్ముకో ధర, మధ్యలో కమీషను... ఇవన్నీ ఆట రూల్‌గా మారడానికి కాచుకుని ఉన్న జోకులు. డిస్గాయా నుంచి మన కుర్రాళ్లు తీసుకోవాల్సింది రాక్షస బొమ్మలనూ పెద్ద పెద్ద అంకెలనూ కాదు. నవ్వును సంభాషణలో కాక రూల్‌లో దాచే ఆ విద్య నేర్చుకోవాలి.

ఆడాలనుకుంటే...

మొదటి భాగం పర్సనల్ కంప్యూటర్‌కు 2016లో స్టీమ్ ద్వారా వచ్చింది. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. బొమ్మలకు మెరుగులు దిద్దిన ‘డిస్గాయా 1 కంప్లీట్’ 2018లో ప్లేస్టేషన్ 4, నింటెండో స్విచ్‌లకు, ఆ తర్వాత ఫోన్లకూ వచ్చింది. మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, చదవాల్సింది చాలానే ఉంటుంది. ఇంటర్ చదివే పిల్లలకు సాయం లేకుండా అందుతుంది, అంతకన్నా చిన్నవాళ్ల పక్కన పెద్దవాళ్లు కూర్చోవడం మంచిది. కొన్ని జోకుల దృష్ట్యా కూడా అదే మేలు.

మొదలుపెట్టేవాళ్లకు మూడు సలహాలు. సొంత మనుషులు నిలబడ్డ చోట విశాలమైన మంత్రాలు వాడకండి, మంచి ముగింపు మీ చేతిలోనే ఉంటుంది. వైద్యం చేసే పాత్రలకు అప్పుడప్పుడు చివరి దెబ్బ వదిలిపెట్టండి, వెనకబడిపోరు. రంగు గళ్లున్న పలక వస్తే వెంటనే కొట్లాటకు దిగకుండా ఒక్క నిమిషం రాళ్ల గుణాలు చదవండి, సగం యుద్ధం అక్కడే గెలుస్తారు.

మా తీర్పు ఇది. కథ ఉన్న 14 అధ్యాయాల వరకూ డిస్గాయా నవ్వుల వ్యూహక్రీడల్లో ఇప్పటికీ మేటి. పాతాళ శాసనసభ ఒక్కటి చాలు దాన్ని కొనుక్కోవడానికి. కథ ముగిశాక 9999 కోసం పరిగెత్తే చాకిరీ మాత్రం మీ సెలవులను మింగేస్తుంది. కాబట్టి ముగింపు చూశాక యంత్రం ఆపేయండి, మిగిలిన సమయంలో ఇంట్లో పిల్లలతో నేల మీద పులిజూదం గీసి ఆడండి.